ఆడవాళ్ల కథలంటే అంత లోకువా?

ఇప్పుడే చుట్టాలు వెళ్లారు. గిన్నెలు సింకులోనే ఉన్నాయి, ఉండనీ, ముందు ఇది రాసేస్తా, లేకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

ఆదివారం కదా అని మా ఆడపడుచు వాళ్లు భోజనానికి వచ్చారు. తిన్నాక అందరూ హాల్లో కూర్చుంటే నేను ‘35 చిన్న కథ కాదు’ పెట్టా. నాకు చాలా నచ్చిన సినిమా, మొన్నే రెండోసారి చూశా, పిల్లలు కూడా ఉన్నారు కదా అందరం కలిసి చూద్దాం అని నా ఆశ. అరగంట అయిందో లేదో అన్నయ్యగారు లేచి, “ఏంటి చెల్లెమ్మా, మధ్యాహ్నం పూట సీరియల్ పెట్టావు, ఇవి మీ ఆడవాళ్లు చూసుకోండి” అనేసి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఆయన వెనకే మా ఆయన. వాళ్లని చూసి పదో క్లాసు చదివే మేనల్లుడు కూడా లేచాడు. వాడు లేచినందుకే నాకు ఎక్కువ మండింది, ఎందుకంటే వాడు అప్పటిదాకా కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఇది మనం చూసేది కాదు అని వాడికి ఆ ఒక్క నిమిషంలో నేర్పేశారు.

అసలు ఆ సినిమాలో ఏముందని? తిరుపతిలో ఒక మామూలు ఇల్లు. భర్త బస్సు కండక్టరు, భార్య సరస్వతి టెన్త్ ఫెయిలు. పెద్దకొడుకుకి లెక్కలు ఎక్కవు. ఎక్కవంటే వాడు మొద్దు కాదు, సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కంటే ఎలా పెద్దదైంది అని అడుగుతాడు. మనలో ఎంతమందికి ఆ డౌటు వచ్చి అడిగితే దెబ్బలు పడతాయని నోరు మూసుకున్నామో చెప్పండి. వాడికి చెప్పాలంటే ముందు నాకు రావాలి అని ఆ తల్లి లెక్కల పుస్తకం ముందు కూర్చుంటుంది చూడండి, పెళ్లయ్యి పిల్లలు పుట్టి వంటింట్లో సెటిలైపోయాక మళ్లీ ఎక్స్ అంటే ఏంటి అని మొదలుపెట్టడం ఎంత కష్టమో, ఎంత సిగ్గుగా ఉంటుందో అది చేసినవాళ్లకే తెలుస్తుంది. నివేదా థామస్ ఎక్కడా నటించినట్టు ఉండదు. ఆ పాత్రకే తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డుల్లో 2024కి ఉత్తమ నటి అవార్డు ఇచ్చింది. అదే కథలో తల్లి బదులు తండ్రి రాత్రిళ్లు కూర్చుని లెక్కలు నేర్చుకుంటే మా ఇంట్లో ఒక్క మగాడు కదిలేవాడా? కళ్లు తుడుచుకుంటూ చూసేవాళ్లు, నాన్న గొప్పతనం అని స్టేటస్‌లు పెట్టేవాళ్లు.

ఏడుపు సినిమాలు అంటారు మళ్లీ. ఏడుపు ఎవరిదనేదే తేడా అండి, అంతే. ‘దేవదాసు’ 1953లో వచ్చింది, ఇప్పటికీ మా ఇంట్లో మగాళ్లు దాన్ని తలుచుకుని నిట్టూరుస్తారు. అందులో హీరో ఏం చేస్తాడు, ప్రేమించిన పిల్ల గడప దాటి వచ్చి నిలబడితే ధైర్యం చాలక పంపించేసి ఆనక తాగి తాగి చచ్చిపోతాడు. నాగేశ్వరరావు గారు అద్భుతంగా చేశారు, నేను కాదనట్లేదు, కానీ అది మహాకావ్యం, సావిత్రి గారు చేసిన పార్వతి ముసలి మొగుడితో, తనంత పిల్లలున్న ఆ ఇంట్లో, పెద్దరికం మీదేసుకుని బతికిన బతుకు మాత్రం పక్క కథ. 2017లో ‘అర్జున్ రెడ్డి’ వస్తే మళ్లీ అదే. మగాడు తాగి ఏడిస్తే ఇంటెన్స్, ఆడది ఏడవకుండా లెక్కలు చేసుకుంటే సీరియల్.

పైగా సీరియల్ అంటే తిట్టు ఎప్పటినుంచి అయింది? ఇదే అన్నయ్యగారు ‘పొన్నియిన్ సెల్వన్’ రెండు భాగాలూ థియేటర్లో చూసి వచ్చి చోళులు అలా, వందియదేవుడు ఇలా అని మా బుర్రలు తినేశారు. మరి అది ఏంటి? కల్కి కృష్ణమూర్తి గారు 1950 నుంచి 54 దాకా ‘కల్కి’ పత్రికలో వారం వారం రాసిన సీరియలే కదా. తమిళనాట ఆడవాళ్లూ మగవాళ్లూ పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి చదివిందే కదా. ‘దేవదాసు’ నవల రాసిన శరత్ నవలలు కూడా చాలావరకు బెంగాలీ పత్రికల్లో విడతలుగా వచ్చినవే. వాళ్లవి సాహిత్యం. మన యద్దనపూడి, మన కోడూరి కౌసల్యాదేవి, మన రంగనాయకమ్మ రాస్తే వారపత్రిక నవల, వంటింటి నవల, టైంపాస్.

ఈ మధ్య నేను వరసపెట్టి పాత నవలలు చదువుతున్నా, చదివినవాటి సినిమాలు మళ్లీ చూస్తున్నా, అందుకే ఈ మంట ఇంతుంది. ‘ప్రేమనగర్’ అనగానే ఎవరి పేర్లు చెప్తారు? నాగేశ్వరరావు, వాణిశ్రీ, ఆత్రేయ పాటలు, మామ మహదేవన్, నష్టాల్లో ఉన్న రామానాయుడు గారిని నిలబెట్టిన సినిమా. అన్నీ నిజమే. 1971లో ఇక్కడ ఆడింది, తమిళంలో శివాజీ గణేశన్‌తో తీశారు, హిందీలో రాజేష్ ఖన్నాతో తీశారు, మూడు చోట్లా ముగ్గురు హీరోలకి పేరొచ్చింది. ఆ కథ కోడూరి కౌసల్యాదేవి గారి నవల అని మా ఇంట్లో ఒక్కరికి తెలీదు. ఆవిడే ‘చక్రభ్రమణం’ రాశారు, అది ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది, నంది అవార్డులు మొదలైన తొలి ఏడు, 1964కి, ఉత్తమ చిత్రంగా బంగారు నంది దానికే వచ్చింది. అంటే మన రాష్ట్రంలో మొట్టమొదటి బంగారు నంది వెనకాల ఒక ఆడమనిషి రాసిన నవల ఉంది. ‘బలిపీఠం’ రంగనాయకమ్మ గారిది, చూసినవాళ్లకి శోభన్‌బాబు గుర్తుంటాడు. ‘జీవన తరంగాలు’, ‘మీనా’, ‘సెక్రటరీ’, ‘విచిత్రబంధం’ అన్నీ యద్దనపూడి సులోచనారాణి గారి నవలల్లోంచి వచ్చినవే. ఆ పదేళ్లు తెలుగు సినిమాకి కథలు కావాల్సివస్తే ఎక్కడికి వెళ్లారో చూడండి, ఆడవాళ్లు రాసిన నవలల దగ్గరికే వెళ్లారు. పని అయిపోయాక అవి చవకబారు అయిపోయాయి.

‘సెక్రటరీ’ మీద ఎప్పుడూ వినే మాట ఒకటుంది, పెద్ద కారు, పొడుగాటి రాజశేఖరం, మేడ, ఆడపిల్లల్ని కలల్లో పెట్టి చెడగొట్టింది అని. చదివి అన్నారా అసలు? జయంతి బామ్మతో ఉండే పిల్ల, ఇల్లు గడవక ఉద్యోగానికి వెళ్తుంది. అరవైల్లో అండి. మా అమ్మ తరంలో ఆడపిల్ల బయటికెళ్లి జీతం తెచ్చుకుంటే ఊళ్లో ఏమనేవాళ్లో మీ అమ్మల్ని అడగండి. ఆ జయంతికి డబ్బు లేదు, అభిమానం మాత్రం తలకి మించినంత ఉంది, రాజశేఖరం ఎంత గొప్పోడైనా మాట పడదు. ఆడపిల్లలు కారు కోసమే చదివారని మగాళ్లు అనుకుంటారు, మా అమ్మ అయితే జయంతి మాట పడకపోవడం కోసం చదివింది, ఆ సీన్లు నాకు అన్నం పెడుతూ చెప్పేది. హీరో ఒక్క చేత్తో యాభైమందిని కొడితే అది కల కాదా? దాని వల్ల మగపిల్లలు చెడిపోలేదా?

సరే ప్రేమ కథలు వదిలేయండి. వాసిరెడ్డి సీతాదేవి గారి ‘మట్టిమనిషి’ చదివారా? నేను పోయిన నెల చదివా, ఇంకా అందులోంచి బయటికి రాలేదు. సాంబయ్య అని ఒక రైతు, వాళ్ల నాన్న ఆసాముల ఇంట్లో పాలేరు, వీడు మట్టిని నమ్ముకుని ఎకరం ఎకరం కూడబెట్టి ఆ చితికిపోయిన ఆసామి కూతురు వరూధినినే కోడలిగా తెచ్చుకుంటాడు. అదే అతని గెలుపు అనుకుంటాడు, అక్కడే అంతా మొదలవుతుంది. కోడలు పట్నం అంటుంది, కొడుకు వెంకటపతి ఆమె వెనకాల పోతాడు, ఒక్కో చెక్కా అమ్ముడైపోతుంటుంది, చివరికి మట్టిలోకి తిరిగొచ్చేది మనవడు. నేను వరూధినిని తిట్టుకుంటూ మొదలుపెట్టా, సగం దాటాక ఆ పిల్ల మీద జాలేసింది, తనకి ఇష్టం లేని ఇంట్లో ఎవరి పంతం కోసమో పడేసిన పిల్ల కదా అనిపించింది. సాంబయ్య మీద కూడా కోపమొచ్చింది, పొలం మీద పెట్టిన ప్రేమలో పావు వంతు ఇంట్లో మనుషుల మీద పెట్టలేదు. మాది గుంటూరు జిల్లా, ఇలాంటి ఇళ్లు నేను కళ్లారా చూశా, మూడు తరాల్లో భూమి ఎలా వచ్చి ఎలా పోయిందో. ఇంత పెద్ద రైతు నవల చెబ్రోలులో పుట్టిన ఒకావిడ రాస్తే, అది ఎన్నో భాషల్లోకి వెళ్తే, రైతుల మీద సినిమా తీస్తున్నాం అని మైకుల ముందు చెప్పేవాళ్లలో ఒక్కరి నోట ఈ పేరు వినపడదు. ఇది కూడా వంటింటి నవలేనా?

ఈ పుస్తకం కోసం మా దగ్గర్లో ఉన్న లైబ్రరీకి ముందు వెళ్లా. లేదు. రాసి పెట్టుకోండి, తెప్పించండి అంటే, అక్కడున్నాయన పోటీపరీక్షల పుస్తకాలకే చోటు లేదమ్మా అన్నాడు. ఇంటి పన్ను కట్టేటప్పుడు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని మన దగ్గరే వసూలు చేస్తారు, ఆ రసీదు ఎప్పుడైనా చూడండి. ఆ డబ్బుకి ఒక్క సీతాదేవి నవల రాదా? చివరికి ఫ్రెండు దగ్గర అడిగి తెచ్చుకున్నా.

ఇక అసలు విషయానికొస్తా, ఇవాళ అన్నయ్యగారి మీద వచ్చిన కోపం ఆయన ఒక్కడి మీద కాదు, పాతది.

మా అమ్మ సీరియల్స్ బైండు చేసేది. మీ అమ్మలూ చేసుంటారు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, జ్యోతి, ఏది దొరికితే అది, మా ఇంట్లో ఒకటి కొంటే ఎదురింటివాళ్లు ఇంకొకటి కొని మార్చుకునేవాళ్లు. సీరియల్ అయిపోయాక పత్రికల పిన్నులు జాగ్రత్తగా విప్పి, ఆ పేజీలు వరసగా పేర్చి, దబ్బనంతో బొక్కలు పెట్టి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించేది. పేజీ వెనకాల సగం సబ్బు ప్రకటనో వంకాయ కూర ఎలా చేయాలోనో ఉండేది. అట్ట మీద పేరు, రచయిత్రి పేరు గుండ్రటి అక్షరాలతో రాసేది. ఒక దాంట్లో మధ్యలో ఒక వారం పత్రిక దొరకలేదు. ఎవరింట్లోనో ఉందని తెలిసి వాళ్లు పేజీలు చింపనివ్వకపోతే, వాళ్ల అరుగు మీద కూర్చుని ఆ వారం భాగం మొత్తం రూళ్ల కాగితాల మీద చేత్తో రాసుకొచ్చి, వాటిని సరిగ్గా ఆ చోట పెట్టి కుట్టింది. నేను చిన్నప్పుడు ఆ నవల చదువుతుంటే అచ్చు అక్షరాల మధ్యలో అమ్మ చేతిరాత వచ్చేది. అది ఆడమనిషి చదువు అండి. టెన్త్ కూడా పూర్తి చేయనివ్వకుండా పెళ్లి చేసేసిన మనిషి చదువు.

ఇల్లు మారేటప్పుడు మా బాబాయి ఆ బైండ్లు అన్నీ పాత పేపర్లవాడికి వేసేశాడు. తూకానికి. అమ్మ అప్పుడు మా అమ్మమ్మకి బాగోలేదని ఊరెళ్లింది. వచ్చి అడిగితే, “ఆ చెత్తంతా ఎందుకు వదినా, చోటు దండగ” అన్నాడు. అదే బాబాయి బీరువాలో విశ్వనాథ వారు, బుచ్చిబాబు గారు అద్దాల వెనకాల తాళం వేసుకుని భద్రంగా కొత్తింటికి లారీలో వచ్చారు. ‘ఏకవీర’ నేనూ చదివా, ‘చివరకు మిగిలేది’ నాకు ప్రాణం, వాళ్ల మీద నాకేం కోపం లేదు. బాబాయి మాత్రం వాటిలో ఒక్కటి కూడా చదవలేదు, చదివిన మనిషి పుస్తకాలు మాత్రం తూకానికి వేశాడు. అమ్మ ఒక్క మాట అనలేదు, ఆ రోజు వంట చేసి అందరికీ వడ్డించింది. నాకు ఆ బాబాయితో ఇప్పటికీ పొడిపొడి మాటలే, ఎందుకో ఆయనకి తెలీదు, ఈ పోస్టు చూస్తే తెలుస్తుంది, తెలియనీ.

కాబట్టి మీ ఇళ్లల్లో అటక మీద, మంచం కింద ట్రంకు పెట్టెల్లో మీ అమ్మలు, అత్తగార్లు, అమ్మమ్మలు కుట్టిన సీరియల్ బైండ్లు ఇంకా ఉంటే దయచేసి తూకానికి వేయకండి. ఇంట్లో ఉంచుకోలేకపోతే నాకు మెసేజ్ పెట్టండి. చినిగినా, చెదలు పట్టినా, మధ్యలో వారాలు లేకపోయినా పర్లేదు. ఏ ఊరైనా సరే బస్సు పార్సిల్లో వేయండి, ఖర్చు నేను కట్టుకుంటా. చేత్తో రాసిన పేజీలు ఉన్నవైతే ముందు ఫోటో తీసి పంపండి, అమ్మకి చూపిస్తా.