సవరణ: ఊదా రంగు వచ్చినంత మాత్రాన పీహెచ్ పెరిగినట్టు కాదు

మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ అనే ద్రవం చుక్కలు వేశాక నీళ్లు ఊదా రంగుకు తిరిగితే పీహెచ్ 8.2 దాటినట్టేనని, వెంటనే యాసిడ్ కలపాలని రాశాను. అన్నిసార్లూ అలా కాదు.

క్లోరిన్ మరీ ఎక్కువైతే, అంటే సుమారు 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10) దాటితే, అది ఫినాల్ రెడ్‌నే వేరే రంగు పదార్థంగా మార్చేస్తుంది. ఆ పదార్థం పీహెచ్ 7 దగ్గర్లోనే ఊదాగా కనిపిస్తుంది. నీళ్లు బాగానే ఉన్నా పరీక్ష అబద్ధం చెబుతుందన్నమాట. షాక్ డోసు (ఒకేసారి ఎక్కువ మోతాదులో క్లోరిన్) వేసిన మర్నాడు నేను చూసిన రంగు అదే. ఈ సంగతి టెస్ట్ కిట్‌తో వచ్చే కాగితంలోనే ఉంది, చిన్న అక్షరాల్లో. చదవకుండా రాశాను, తప్పు నాదే.

కాబట్టి ముందు క్లోరిన్ చూడండి. ఎక్కువుంటే దిగేదాకా ఆగి, అప్పుడు పీహెచ్ కొలవండి. ఆగే వీలు లేకపోతే డిజిటల్ మీటర్ వాడొచ్చు, కానీ ముందు దాన్ని బఫర్ ద్రావణాలతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రవాలతో, సరిచేసుకోవాలి. క్లోరిన్‌ను తీసేసే థయోసల్ఫేట్ చుక్కలూ దొరుకుతాయి. అవి ఎక్కువ పడితే రీడింగ్ మళ్లీ తప్పుతుంది.

పరీక్షకు నీళ్లు మోచేతి లోతు నుంచి తీయాలన్నదీ, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలన్నదీ మారలేదు. నా పోస్టు చూసి యాసిడ్ పోసినవాళ్లు ఈ రోజే మళ్లీ పరీక్షించండి, ఆల్కలినిటీతో (యాసిడ్‌ను తట్టుకునే నీళ్ల శక్తి) సహా.