కత్తి మీద గోత్రం ఉంది, ఇంటిపేరు లేదు

పిడి చివర ఇత్తడి తొడుగు. దాని మీద చిటికెన వేలి గోరంత వెండి ముద్ర. గుండ్రటి గీత లోపల రెండు డేగ ఈకలు అడ్డంగా ఒకదాన్నొకటి దాటుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైనిక అధికారులు నడుముకు కట్టుకున్న కత్తుల్లో కొన్నింటికి ఇలాంటి ముద్ర కనిపిస్తుంది. దాన్ని జపాన్‌లో కామోన్ అంటారు, పొట్టిగా మోన్. అంటే కుటుంబ చిహ్నం. వేలం సైట్లలో ఇలాంటి ఫొటో కింద ‘ఫలానా సమురాయ్ (పాత జపాన్ యోధుల వర్గం) వంశం కత్తి’ అని రాసేసి ధర పెంచుతారు. ఆ ఒక్క ముద్రతో వంశం తేల్చేయడం తప్పు. అమ్మేవాళ్ళకు అది లాభం కావచ్చు కానీ, ఆ కత్తి ఎవరిదో నిజంగా వెతుకుతున్నవాళ్ళకు అన్యాయం.

మోన్‌ను మనం గోత్రంలా అర్థం చేసుకుంటే తేలిక. ఎవరైనా ‘మాది భారద్వాజస గోత్రం’ అంటే ఆయన ఊరేదో, ఇంటిపేరేదో మనకు తెలుస్తుందా? ఒకే గోత్రంలో వందల ఇంటిపేర్లు ఉంటాయి. ఒకే ఇంటిపేరువాళ్ళు వేర్వేరు గోత్రాల్లో ఉంటారు. మోన్ కూడా అంతే. పైగా గోత్రం కంటే మోన్‌కు మార్పులు ఎక్కువ. వేరు కాపురం పెట్టిన తమ్ముడి శాఖ పాత గుర్తు చుట్టూ ఒక వలయం గీసుకుంటుంది. ఒసాకా, క్యోటో వైపు తల్లి నుంచి కూతురికి వచ్చే గుర్తు వేరే ఉంటుంది.

మొదట చెప్పిన ఈకల గుర్తునే తీసుకుందాం. దాని పేరు ‘మారు ని చిగాయ్ తకనోహ’. మారు అంటే వలయం, ని అంటే లోపల, చిగాయ్ అంటే ఒకదాన్నొకటి దాటుతున్న, తకనోహ అంటే డేగ ఈక. గుర్తును చూసి ముక్కముక్కగా చదివితే పేరు దానంతటదే వస్తుంది. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. వలయం ఉందా లేదా, ఏ ఈక పైన ఉంది, ఈక మీద గీతలున్నాయా, ఈ చిన్న తేడాలన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే నేరుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటో పనికిరాదు. పక్క నుంచి వెలుగు పడాలి. ఇత్తడి మెరుగు పెట్టి రుద్దితే ఉన్న గీత కూడా పోతుంది.

పేరు చదివాక అసలు చిక్కు మొదలవుతుంది. యజమానిని కోల్పోయిన 47 మంది సమురాయ్‌ల, అంటే రోనిన్ల, ప్రసిద్ధ జపాన్ కథలో వచ్చే ఆకో అసానో వంశం గుర్తు ఇదే. కాబట్టి అమ్మేవాళ్ళు ‘అసానో వంశం’ అని రాస్తారు. కానీ డేగ ఈక జపాన్‌లో అతి సాధారణమైన అయిదు గుర్తుల్లో ఒకటి. మిగతా నాలుగు విస్టేరియా అనే పూల తీగ, పౌలోనియా అనే చెట్టు, కతబమి అనే పులిచింత జాతి ఆకు, మొక్కో అనే పువ్వు లాంటి రూపం. ఈ అయిదూ ఉన్న ఇళ్ళు లెక్కలేనన్ని. పేరున్న పాత యోధ వంశాల్లో షిమాజువారి వలయంలో శిలువ, తకెదావారి నాలుగు వజ్రాలు, తొకుగావావారి మూడు ఆకులు చూడగానే గుర్తుపట్టవచ్చు. వాటినీ ఆ వంశపు పెద్దింటికే కట్టబెట్టేయకూడదు.

అసలు మోన్ ఉంటే సమురాయ్ అనుకోవడమే పొరపాటు. ‘ఎదో’ అని పిలిచే కాలంలోనే, అంటే 1868కి ముందే, వ్యాపారులు, నటులు మోన్లు వాడుకున్నారు. 1875లో ప్రతి ఇంటికీ ఇంటిపేరు తప్పనిసరి అయింది. మరుసటి ఏడాది, 1876లో, సమురాయ్‌లు కత్తి కట్టుకుని తిరగడంపై నిషేధం వచ్చింది. ఆ తర్వాత కత్తి అంటే సైన్యం, పోలీసు, అధికారం. 1934లో పాత సమురాయ్ కత్తి రూపంలో కొత్త సైనిక కత్తి వచ్చేనాటికి అధికారుల్లో రైతుబిడ్డలు, మాస్టార్ల కొడుకులు చాలామందే ఉన్నారు. అధికారి తన కత్తిని సొంత డబ్బుతో కొనుక్కునేవాడు కాబట్టి దాని మీద తన ఇంటి గుర్తు వేయించుకోగలిగాడు. 1935 నమూనా కత్తులు మాత్రం కింది స్థాయి వాళ్ళకు ప్రభుత్వమే నంబరు వేసి ఇచ్చింది. అలాంటి కత్తి మీద ఇంటి గుర్తు కనిపిస్తే ముందు అనుమానించాలి. పిడి తొడుగుకు ఆ ముద్రను తర్వాత అతికించిన కత్తులూ బజారులో తిరుగుతున్నాయి.

ఇంకో గందరగోళం కూడా ఉంది. సైనిక కత్తి అంతటా పరచుకున్న చెర్రీ పువ్వులు సైన్యం అలంకారమే, ఎవరి ఇంటి గుర్తూ కాదు. పౌలోనియా ఆకులూ పూలూ ఉన్న గుర్తును ప్రభుత్వమే వాడుతుంది. జపాన్ ప్రధాని మాట్లాడే బల్ల ముందు ఇప్పటికీ కనిపించేది అదే. పదహారు రేకుల చామంతి చక్రవర్తిది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మరొకటి. 1945లో జపాన్ లొంగిపోయినప్పుడు చాలామంది జపాన్ అధికారులు తమ పేరు, హోదా రాసిన చిన్న చెక్క ముక్కో గుడ్డ ముక్కో కత్తికి కట్టి ఇచ్చారు. ఎప్పటికైనా తిరిగొస్తుందన్న ఆశ కొందరికైనా ఉండి ఉంటుంది. కత్తిని ఇంటికి తెచ్చుకున్న గెలిచిన పక్షం సైనికులకు ఆ రాత అర్థం కాలేదు. ఎన్నో ఇళ్ళలో దారం తెగింది, చెక్క ముక్క పోయింది, వెండి ముద్ర మిగిలింది. పేరు పోయి గోత్రం మిగిలింది. వియత్నాంలోని సైగాన్‌లో 1945 నవంబర్ 30న ఆగ్నేయాసియాలోని జపాన్ సేనల అధిపతి ఫీల్డ్ మార్షల్ తెరౌచి తన కత్తులను అక్కడి మిత్రపక్ష సేనాధిపతి మౌంట్‌బాటెన్‌కు అప్పగించాడు. అవి ఎవరివో నేటికీ తెలుస్తోందంటే కారణం వాటి మీది గుర్తు కాదు, అప్పగింత రికార్డు. బర్మాలో జపాన్ సైన్యానికి ఎదురు నిలిచి పోరాడిన బ్రిటిష్ పక్షం సేనల్లో ఎక్కువమంది భారత సైనికులే. కాబట్టి మన రెజిమెంట్ మెస్సుల గోడల మీద ఉన్న కత్తులకూ ఈ మాట వర్తిస్తుంది.

సైనికులు వెంట తీసుకెళ్ళిన, పేర్లతో నిండిన జెండాలను అమెరికాలోని ఒబాన్ సొసైటీ లాంటి సంస్థలు కుటుంబాలకు చేరుస్తున్నాయి. జెండా మీద పేరు ఉంటుంది కాబట్టి అది సాధ్యమవుతోంది. కత్తికి ఆ అదృష్టం తక్కువ. కుటుంబం దొరికినా జపాన్ చట్టం అడ్డొస్తుంది. అక్కడ కళాఖండంగా నమోదైన కత్తినే ఇంట్లో ఉంచుకోనిస్తారు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పద్ధతిలో తయారైన కత్తికి ఆ నమోదు దొరకదు.

కాబట్టి ఇంట్లో అలాంటి కత్తి ఉన్నవాళ్ళు ముందు వంశం పేరు వెతకడం మానాలి. పిడికి, ఒరకు తగిలించి ఉన్న దారం ముక్కను కూడా తీసేయకుండా ఫొటో తీయాలి. తెలిసినవాళ్ళ చేత పిడి విప్పించి, లోపల దాగున్న భాగం మీద కమ్మరి సంతకం ఉంటే అదీ ఫొటో తీయాలి. ఆ భాగం మీది తుప్పు రుద్దకూడదు, దాని రంగును బట్టే వయసు అంచనా వేస్తారు. తాతముత్తాతల నాటి కత్తినే కొత్త సైనిక పిడిలో బిగించుకుని యుద్ధానికి వెళ్ళిన అధికారులూ ఉన్నారు. అప్పుడు లోపలి సంతకం ఒక కాలానిది, పైన ఉన్న మోన్ మరో కాలానిది. రెండూ విడివిడిగా చదవాలి. ఆ కత్తిని తెచ్చిన తాతగారు ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఏ దళంలో ఉన్నారో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే అది ఈరోజే రాసి, ఆ కాగితాన్ని కత్తితోపాటే ఉంచాలి.