జాకెట్టు ముక్కల రద్దు

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2023 మే 19న రెండు వేల నోటుకు కూడా రిజర్వు బ్యాంకు వీడ్కోలు చెప్పింది. వీటన్నిటికంటే చురుగ్గా చేతులు మారే కరెన్సీ ఒకటి మన బీరువాల్లో మూలుగుతున్నా ఇంతవరకు ఏ ప్రభుత్వమూ దాని జోలికి పోలేదు. తాంబూలంలో పెట్టే జాకెట్టు ముక్క గురించి నేను మాట్లాడుతున్నది.

ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో దీని చలామణి శ్రావణ శుక్రవారాలతో మొదలై మార్గశిర గురువారాల నాటికి పతాక స్థాయికి చేరుతుంది. మార్గశిర లక్ష్మి మనకూ ఒడియా వారికీ ఒక్కతే కావడం వల్ల ఇక్కడ గిరాకీ రెట్టింపు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడి పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు పడ్డాయి గాని, ముక్కకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. టెక్కలి పేరంటంలో బయలుదేరి, గుణుపూర్ రైలెక్కి, మా ఊళ్లో నాలుగు గడపలు తొక్కి, కాశీనగర్‌లో సీమంతానికి హాజరై, మడత చెదరకుండా టెక్కలి చేరుతుంది. దాన్ని కుట్టించుకున్న ఆడమనిషి చరిత్రలో లేదు. ఎవరైనా సాహసించి దర్జీ దగ్గరకు తీసుకెళ్తే, ఆయన టేపు పెట్టి 80 సెంటీమీటర్లు అని తేల్చి, "చేతులు రావమ్మా" అని మర్యాదగా తిరిగి మడత పెట్టి ఇస్తాడు.

ఈ ద్రవ్యోల్బణానికి విరుగుడుగా మా ఇంట్లో ఒక విధానం ప్రవేశపెట్టాం. ముక్కలన్నీ అతికి పడమటి కిటికీకి పైకి మడుచుకునే తెర కుట్టడం.

పొదుపరులు వెంటనే లెక్క తీస్తారని తెలుసు. కిటికీ 4 అడుగుల చదరం, అంటే 48 అంగుళాలు. వరుసకు 8 చొప్పున 8 వరుసలు వేస్తే కావలసినవి 64 చదరాలు. ఒక ముక్కలోంచి 20 దాకా వస్తాయి కాబట్టి నాలుగు ముక్కలతో తెర పూర్తవుతుందని వారి వాదన. నాలుగు ముక్కలు తగ్గితే ఏ బీరువా తలుపు సరిగ్గా మూసుకుంటుంది? అందుకే ఒక్కో ముక్కలోంచి ఒక్క చదరమే కత్తిరించాలని తీర్మానించాం. మూల తెగిన ముక్కను ఎంతటి పిసినారి అయినా తాంబూలంలో పెట్టలేరు. ఒక్క తెరతో 64 ముక్కలు చలామణి నుంచి శాశ్వతంగా తప్పుకున్నాయి. ఆర్థిక శాస్త్రంలో ఇంత శుభ్రమైన ఫలితం అరుదు.

సాంకేతిక విషయాల్లో రాజీ పడరాదు. చదరం కుట్టాక 6 అంగుళాలు తేలాలంటే ఆరున్నర కత్తిరించాలి, చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది. పావు అంగుళం ఏ మూలకని ఆరుకే కత్తిరిస్తే తెర 44 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన సందులోంచి ఎదురింటి మామగారు మన భోజనాల్లో చూపులతో పాల్గొంటారు. ముక్కల్ని ముందే తడిపి ఆరేయాలి. కుంకుమ రంగువి విడిగా తడపకపోతే మిగతావన్నీ పెళ్లికూతుళ్లవుతాయి. వెనక లైనింగు తప్పనిసరి, లేకుంటే పడమటి ఎండకు రంగులు వెలిసిపోతాయి. లైనింగు మీద నిలువు వరుసల్లో రింగులు కుట్టి, వాటిలోంచి తాడు పోనిచ్చి, అడుగున బరువుకు ఒక సన్నని చెక్క బద్ద దూర్చాలి. తాడు కొస పిల్లలకు అందని ఎత్తులో, గోడ కొక్కేనికి చుట్టాలి. ఈ ఒక్కటీ వేళాకోళం కాదు, మెడకు చుట్టుకుంటుంది.

పక్కింటి ఒడియా ఆవిడ చూసి, ఒడిశాలోని పిపిలి ఊరి గుడ్డ పనితనంతో పోల్చి పెదవి విరిచారు. పిపిలి వారు పరచిన గుడ్డ మీద బొమ్మలు కత్తిరించి అతికిస్తారు, మాది అంచుకు అంచు కలిపే శాఖ అని వివరించాను. పూరీ రథాల రంగులైనా వేయవలసిందన్నారు. జగన్నాథుడి ఎరుపు పసుపులు, బలభద్రుడి ఎరుపు ఆకుపచ్చలు బీరువాలో కావలసినన్ని. సుభద్రమ్మ రథానికి ఎరుపుతో పాటు నలుపు కావాలి, తాంబూలంలో నలుపు ఎవరిస్తారు?

అసలు చిక్కు తెర వేలాడదీశాక వచ్చింది. అది బహిరంగ లెక్కల పుస్తకమని మాకు తట్టలేదు. పాతపట్నం పిన్నిగారు కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర ఆగారు. మూడో వరుసలో చిలకాకుపచ్చ చదరం, సన్న మామిడిపిందెలు, అంచున గంధం మరక. వేలితో తడిమి, "ఇది మీ వదినకు నేను పెట్టింది కదూ?" అన్నారు. మా వదిన వంటింట్లో అకస్మాత్తుగా పని కల్పించుకుంది. అంతలో మా అత్తగారు అదే చదరం కేసి చూసి, "అంతకుముందు నీకు నేను పెట్టిందే కదమ్మా!" అన్నారు. ఇద్దరూ కాసేపు కాఫీ మీద దృష్టి పెట్టారు.

ఆనాటి నుంచి తగువు ముక్క గురించి కాదు, దాని స్థానం గురించి. తాడు లాగితే పై వరుస ఒక్కటే బయటికి కనిపిస్తుంది, కింది వరుసలన్నీ మడతల్లోకి పోతాయి. పగలంతా తెర ఎత్తే ఉంటుంది. తన ముక్క రాత్రిపూట బంధువుగా మిగిలిపోయిందని పిన్నిగారికి కోపం. రెండో తెరలో పై వరుస ఇస్తామని రాజీ కుదిర్చాం. వియ్యపురాలిగారి ముక్క ఎక్కడ పడిందో ఆవిడ వచ్చేలోగా వెతకాలి.

ఇక ప్రజలకు మనవి. వచ్చే మార్గశిరం నుంచి మా ఇంట తాంబూలంలో జాకెట్టు ముక్క ఉండదు, తెచ్చినా తీసుకోం. బదులుగా చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తున్నాం. మూత సరిగ్గా పట్టదు. పోయిన శ్రావణంలో మాకు వచ్చినవే.