అంట్లు ఎవరివి?

(సాయంత్రం. మబ్బు పట్టింది. సుబ్బారావు గారు భోజనాల బల్ల మీద నిఘంటువు పరిచారు. కామేశ్వరి గారి పుట్టిల్లు నర్సరీలకు పేరుపడ్డ కడియం. ఆ సంగతి ఆవిడ ఎవర్నీ మరిచిపోనివ్వరు.)

కామేశ్వరి: మా తమ్ముడి నర్సరీ ఇంగ్లీషు కరపత్రం తెలుగులో రాయమంటే నాలుగు లైన్లే కదండీ? మధ్యాహ్నం నుంచీ కుస్తీ పడుతున్నారు.

సుబ్బారావు: మొదటి మాటే మొండికేసింది. ప్లాంట్ ప్రోపగేషన్, అంటే ఉన్న మొక్క నుంచి కొత్త మొక్కలు పుట్టించడం. ఇది విను: ‘మా వద్ద మొక్కల ప్రచారం చేయబడును.’

కామేశ్వరి: జామచెట్టు జీపెక్కి ఓట్లడుగుతుందా?

సుబ్బారావు: నిఘంటువులో ఉందే! పోనీ, ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని. ధ్వని ప్రోపగేషన్ అంటే ధ్వని ప్రసారం. కాబట్టి ‘మొక్కల ప్రసారం’.

కామేశ్వరి: ఏ కేంద్రం నుంచి? విజయవాడా, విశాఖా?

(మెరిసింది. సుబ్బారావు గారు వేళ్లు లెక్కపెట్టారు. ఆరో వేలికి ఉరిమింది.)

సుబ్బారావు: ఇదిగో, ఇదే ప్రోపగేషన్! వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, శబ్దం సుమారు 340 మీటర్లు. 3 సెకన్లకో కిలోమీటరు. అంటే మెరుపు 2 కిలోమీటర్ల దూరంలో ఉంది.

కామేశ్వరి: బట్టలు మేడ మీదే ఉన్నాయి. అది లెక్కలోకి రాలేదా?

సుబ్బారావు: (వినిపించుకోకుండా) దొరికింది! ‘ప్రవర్ధనం’. వ్యవసాయ పుస్తకాల్లో ఇదే వాడతారు.

కామేశ్వరి: ప్రవర్ధనం ఉందా అని మా తమ్ముణ్ని అడగండి, మందుల షాపుకి వెళ్లమంటాడు. మా వైపు అంటు కట్టడం అంటారు. పెన్సిల్ లావు జామకొమ్మకి అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, తడిపిన కొబ్బరిపీచో నాచో పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం బిగించి కడతారు. ఆకుల్లో తయారైన తిండి కిందికి దిగుదామంటే బెరడు లేదు. అక్కడే ఆగి వేళ్లు పుట్టిస్తుంది. కొన్ని వారాలకి కోసి పాతితే అచ్చం తల్లిచెట్టు కాయే. అది గాలి అంటు. మామిడికైతే టెంక మొలక మీద మంచి చెట్టు కొమ్మ తెచ్చి కడతారు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని నమ్మకం లేదు మరి.

సుబ్బారావు: విత్తనం చల్లినా, గులాబీ కొమ్మ గుచ్చినా ప్రోపగేషనేనే! అంటు ఒక్కటీ చాలదు.

కామేశ్వరి: ఎందుకు చాలదు? రోగం పాకితే అంటువ్యాధి. గడ్డివాముకి నిప్పు అంటుకుంటుంది. కబురేమో ‘కుదిరిందంట, పోయిందంట’ అంటూ ఊరంతా తిరుగుతుంది. మీ మాట చేసే చాకిరీ అంతా మా అంటు చేస్తుంది.

సుబ్బారావు: (కాస్త తగ్గి) లాటిన్‌లోనూ ఈ ప్రోపగేషన్ తోటమాలి మాటేలే. మొక్క కోసం తీసే కొమ్మ. 1622లో పోప్ పదిహేనో గ్రెగొరీ మతవ్యాప్తికి సంఘం పెట్టి, ఆ మాటే పేరులో పెట్టారు. అందులోంచే ప్రోపగాండా పుట్టింది.

కామేశ్వరి: అంటే పోప్ గారు కూడా కడియం వైపు వచ్చినట్టే!

(ఫోన్ మోగింది. హాల్లో సిగ్నల్ అందదు. సుబ్బారావు గారు బాల్కనీలోకి పరిగెత్తారు.)

సుబ్బారావు: (గొంతెత్తి) ఏమోయ్! మీ అక్క మాటే ఖాయం! అంట్లే! అంట్లన్నీ నేనే చూసుకుంటా, రాత్రికల్లా పూర్తి చేస్తా!

(అయిదు నిమిషాలు. తలుపు గంట. పైఇంటావిడ.)

పైఇంటావిడ: వదినా, ఇకనుంచి అంట్లు అన్నయ్యగారే తోముతారటగా! మా ఆయన్ని పంపుతా, చూసి నేర్చుకుంటారు. కింది ఫ్లాట్ వాళ్లూ వస్తామన్నారు.

(ఆవిడ వెళ్లింది.)

సుబ్బారావు: పై బాల్కనీకి 10 మీటర్లు కూడా లేదు. శబ్దానికి సెకనులో ముప్పైనాలుగో వంతు చాలు. కానీ కింది ఫ్లాట్‌కి ఇంత తొందరగా ఎలా?

కామేశ్వరి: దీన్నేమంటారు? ప్రసారమా, ప్రవర్ధనమా?

సుబ్బారావు: ప్రచారం!

కామేశ్వరి: అమ్మయ్య, ఒకటి కుదిరింది. మరి వాళ్లు వచ్చేస్తున్నారు.

సుబ్బారావు: (సింకు వైపు చూసి, చొక్కా చేతులు మడిచి) ఆ కొబ్బరిపీచు తడిపి ఇలా ఇయ్యి.