మితం అంటే తక్కువేనా?

‘మితవ్యయం’ గురించి నేను చదివిన ఒక వ్యాసంలో ‘మితం’ అంటే ‘తక్కువ’ అని ఒక్క మాటలో తేల్చేసి, మితవ్యయాన్ని పిసినారితనంతో జతకట్టారు. అలా తేల్చేయడం సరికాదని నా అభిప్రాయం. కొలవడం అనే అర్థమున్న ‘మా’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు ‘కొలిచినది’ అన్నదే మొదటి అర్థం. ప్రమాణం, పరిమాణం, ఉపమానం, చివరికి మనం సందేహం అనే అర్థంలో వాడుకుంటున్న అనుమానం కూడా ఆ ధాతువు నుంచి పుట్టినవే. (అభిమానం, అవమానం మాత్రం ఈ కుటుంబంలోవి కావు, అవి తలచడం అనే అర్థమున్న ‘మన్’ ధాతువుకు చెందినవి.) కొలతకు అందనిది అమితం, కొలత దాటితే మితిమీరడం.

ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య పేరు ‘మితాక్షర’. పేరు అలా ఉన్నా అదేమీ చిన్న గ్రంథం కాదు, తూచి వాడిన మాటలన్నదే అక్కడి భావం. యోగ గ్రంథమైన హఠయోగప్రదీపికలో మితాహారం గురించి చెప్పినప్పుడు కూడా పస్తులుండమనలేదు, మధురమైన ఆహారాన్నే కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచుకుని తినమన్నారు. కాబట్టి మితవ్యయాన్ని పిసినారితనం పక్కన కూర్చోబెట్టడం నాకు అన్యాయంగా తోస్తున్నది. పిసినారి అవసరమైన చోట కూడా చేయి ముడుచుకుంటాడు, మితవ్యయం పాటించేవాడు ఎంత అవసరమో కొలుచుకుని అంత ఖర్చుపెడతాడు.