అన్నమయ్య కీర్తనకు 432 హెర్ట్జ్ అంటగట్టడం తగునా?

అన్నమయ్య జయంతి గాని వర్ధంతి గాని దగ్గరపడిందంటే తిరుపతిలోని కాలనీ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది. మన పూర్వీకుల సంగీతమంతా 432 హెర్ట్జ్ శ్రుతిలో ఉండేదట. అన్నమయ్య పాడినదీ, తిరుమల గంటలు పలికేదీ ఆ శ్రుతేనట. 1939లో జర్మనీ ప్రచారమంత్రి గోబెల్స్ జనాన్ని నిత్యం కలవరంలో ఉంచడానికి దాన్ని 440కి మార్పించాడట. కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలు కావడం, సూర్యుని వ్యాసార్ధం 4,32,000 మైళ్లు కావడం, భూమి స్పందన 8 హెర్ట్జ్ కావడం ఇందుకు సాక్ష్యాలట. నీటికి 432 వినిపిస్తే పద్మం ఏర్పడుతుందనీ, 440 వినిపిస్తే అలుక్కుపోతుందనీ ఒక వీడియో కూడా జతచేస్తారు. కనుక కీర్తనలను 432కి మార్చిన ఈ లింకులోనే వినండి, రక్తపోటు తగ్గుతుంది అన్నది ముక్తాయింపు.

నవ్వి వదిలేయవచ్చు గాని, సంగీతం నేర్చుకునే పిల్లల దాకా ఇది పాకింది. "సార్, మా పాప శ్రుతిపెట్టెను 432కి మార్పించమంటారా?" అని తల్లులు అడుగుతున్నారు. "అమ్మా, ముందు పాప గొంతు ఎక్కడ నిలుస్తుందో చూద్దాం" అన్నదే దానికి సరైన సమాధానం. అది ఎందుకు సరైనదో చెప్పాలంటే ఈ సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

ముందుగా ఆ అంకెల సంగతి. సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలమానం హెర్ట్జ్. 440 అన్నది హార్మోనియం మధ్య స్థాయిలో ఆరో తెల్లమెట్టుకు, అంటే మనవాళ్లు ఆరు శ్రుతి అనే చోటుకు, పాశ్చాత్యులు పెట్టుకున్న గుర్తు. పది వాద్యాలు కలిసి వాయించేటప్పుడు అందరూ ఒకే చోట మొదలుపెట్టడానికి ఆ గుర్తు కావాలి. 432కూ 440కీ మధ్య దూరం సుమారు 32 సెంట్లు, అనగా పక్కపక్క మెట్ల మధ్య ఉండే దూరంలో దాదాపు మూడో వంతు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మీద సన్నగా సర్దుకునే మీటను కాస్త తిప్పితే ఆ దూరం దాటిపోతాం.

ఇక అన్నమయ్య. ఆయన 1408 నుంచి 1503 వరకు జీవించారు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుంచి 1922 ప్రాంతంలో వెలుగులోకి వచ్చిన రాగిరేకుల మీద ప్రతి కీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంది. దాన్ని ఎంత ఎత్తు శ్రుతిలో పాడాలన్న ఆదేశం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. కంపనాలను లెక్కించి ఒక స్వరానికి సంఖ్య ఇవ్వడం ఆయన తర్వాత ఎంతో కాలానికి గాని సాధ్యపడలేదు. శ్రుతిని ఒకచోటి నుంచి ఇంకొకచోటికి చెక్కుచెదరకుండా మోసుకుపోయే ట్యూనింగ్ ఫోర్కు 1711లో గాని పుట్టలేదు. పైగా ఈనాడు మనం వింటున్న వరుసల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో కట్టినవి. ఆ రాగమైనా కవి ఉంచినది అనుకోవచ్చు గాని, శ్రుతి మాత్రం ఏ రోజుకారోజు పాడేవారిది.

అసలు కర్ణాటక సంగీతంలో షడ్జమానికి, అంటే మిగతా స్వరాలన్నింటికీ ఆధారమైన 'స'కు, స్థిరమైన చోటు లేదు. మగవారు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవారు ఐదు నుంచి ఆరు మధ్య పాడతారు. ఒకే విద్వాంసుడు వయసు పైబడ్డాక అర శ్రుతి దించుకుంటాడు, జలుబు చేసిన రోజున ఇంకాస్త దించుకుంటాడు. మహతి కళాక్షేత్రంలో గాని అన్నమాచార్య కళామందిరంలో గాని కచేరీకి కాస్త ముందుగా వెళ్లి కూర్చుంటే ఇది కళ్లారా చూడవచ్చు. గాయకుడు తన షడ్జమం చెప్పిన తర్వాతే తంబుర బిరడాలు తిరుగుతాయి, పూసలు జరుగుతాయి, వయొలిన్ తీగలు దిగుతాయి లేదా ఎక్కుతాయి, మృదంగం కుడి మూత అంచున రాయితో, కర్రముక్కతో దెబ్బలు పడతాయి. వేదిక మీద ఉన్నవన్నీ ఒక గొంతుకు ఒదుగుతాయి. ఆ గొంతు నిలిచిన చోటు 432కు చెందుతుందా, 440కి చెందుతుందా అని అక్కడ ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఆ రెంటికీ మధ్యనో, బయటనో ఎక్కడైనా ఉండవచ్చు.

ఒక ఉదాహరణతో ఇది మరింత తేటపడుతుంది. పిల్లలు మొదట నేర్చుకునే సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఒకటి శ్రుతిలో పాడితే షడ్జమం దాదాపు 261.6 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అప్పుడు శుద్ధ ధైవతం ('ధ') 415కూ 419కీ మధ్య, కాకలి నిషాదం ('ని') 490 దాటాక వస్తాయి. ఆ రెండు స్వరాలకూ మధ్య ఉన్నది ఖాళీ. సందేశం దైవీకమంటున్న 432, దుష్టమంటున్న 440, రెండూ ఆ ఖాళీలోనే పడ్డాయి. అంటే ఆ పిల్లవాడు పాఠమంతా పాడినా రెండింటిలో ఏ ఒక్కదాని మీదా నిలవడు. అదే పిల్లవాడు రెండు శ్రుతికి మారితే 440 దగ్గర పంచమం ('ప') వస్తుంది, ఆరు శ్రుతిలో పాడే అమ్మాయికి అక్కడే షడ్జమం ఉంటుంది. ఒకే సంఖ్య ఒకరికి పంచమం, ఇంకొకరికి షడ్జమం, మరొకరికి ఏమీ కాని చోటు. అటువంటప్పుడు ఆ సంఖ్యలో ఒక గుణమో దోషమో ఉందనడానికి ఆధారమేమిటి? గమకంతో ఊగే స్వరాలను కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ వాదం అసలే నిలవదు.

గంటల మాటకు వద్దాం. గంట పలికే స్థాయి దాని పరిమాణాన్ని, మందాన్ని, లోహమిశ్రమాన్ని బట్టి ఉంటుంది, అందుచేత ఒక అచ్చులో పోసిన రెండు గంటలు కూడా అచ్చంగా ఒకేలా పలకవు. అంతే కాదు, గంటలో ఒక్క కంపనం ఉండదు. అనేక కంపనాలు ఒకేసారి లేస్తాయి, వాటి నిష్పత్తులు వీణ తీగలో మాదిరిగా పూర్ణాంకాల్లో కుదరవు. తిరుమల గంటలన్నీ 432 పలుకుతాయని రాసినవారు ఏ గంటలోని ఏ కంపనాన్ని ఎలా కొలిచారో ఎక్కడా చెప్పరు.

గంట కంటే నాదస్వరం ఈ విషయంలో ఎక్కువ ఆసక్తికరం. అది ముందే తయారైన గొట్టం కనుక దానికి సొంత శ్రుతి ఉంటుంది. పొట్టిగా ఉండే తిమిరి ఎక్కువ శ్రుతిలో, పొడవైన బారి తక్కువ శ్రుతిలో పలుకుతాయి, కాబట్టి సంప్రదాయంలోనే ఒకటికి మించిన శ్రుతులు ఉన్నాయి. పైగా గాలి వేడెక్కేకొద్దీ అందులో శబ్ద వేగం పెరుగుతుంది, దానితో గొట్టం శ్రుతి కూడా పెరుగుతుంది. లోపలి గాలి 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు 432 పలికే గొట్టం, ఆ గాలి 36 డిగ్రీలకు చేరేసరికి సుమారు 440 పలుకుతుంది. వాయించేవారి ఊపిరి వేడి వల్ల ఈ లెక్క ఆచరణలో కొంత మారుతుంది గాని దిశ మారదు. తిరుపతి ఎండలో మేళం పట్టుకుని నడిచే విద్వాంసునికి గోబెల్స్ సాయం అక్కరలేదు.

ఆ గోబెల్స్ కథను కొంచెం వివరంగానే చూడాలి, ఎందుకంటే సందేశంలో చరిత్రలా వినిపించే భాగం ఇదొక్కటే. 1939 మే నెలలో లండన్‌లో అంతర్జాతీయ ప్రమాణాల సమావేశం జరిగిన మాట, అక్కడ 440ని సిఫారసు చేసిన మాట నిజం. జర్మనీతో పాటు ఫ్రాన్స్, బ్రిటన్, హాలండ్, ఇటలీ ప్రతినిధులు అందులో ఉన్నారు. అయితే 440 ఆనాడు పుట్టిన సంఖ్య కాదు. 1834లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్ సమావేశంలో యోహాన్ షైబ్లర్ దాన్ని ప్రతిపాదించాడు. అమెరికా సంగీతకారుల సమాఖ్య 1917లో స్వీకరించింది. నాజీలు అధికారంలోకి వచ్చింది 1933లో. మరోవైపు 1939కి ముందు లోకమంతా 432లో ఉండేదన్నదీ నిజం కాదు. 1751 నాటి స్వరకర్త హాండెల్ ట్యూనింగ్ ఫోర్కు 422.5 పలుకుతుంది. ఫ్రాన్స్ 1859లో 435ను చట్టం చేసింది. లండన్ వాద్యబృందాలు ఒక దశలో 452 దాటాయి. ఊరికొక శ్రుతి, నాటకశాలకొక శ్రుతిగా సాగిన ఆ గందరగోళాన్ని ఒక కొలిక్కి తేవడమే ఈ సమావేశాలన్నింటి పని.

మరి 440నే ఎందుకు పట్టుకున్నారంటే, అందులో రేడియో పాత్ర కూడా కొంత ఉంది. బ్రిటన్‌లో అంతకు ముందు 439 వాడుకలో ఉండేది. బీబీసీ తన శ్రుతి సంకేతాన్ని సెకనుకు పది లక్షల సార్లు కంపించే స్ఫటికం నుంచి తీసుకునేది. దాన్ని విద్యుత్ వలయాలతో వెయ్యికి తగ్గించి, 11తో గుణించి 25తో భాగిస్తే సరిగ్గా 440 వస్తుంది. 439 ప్రధాన సంఖ్య కావడం చేత ఆ రకమైన వలయాలకు లొంగలేదు. ప్రజలను కలవరపెట్టే కుట్రకంటే ఈ గుణకార భాగహారాలు చప్పగా ఉంటాయి కాబోలు, వాటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

432కు చరిత్రలో చోటు లేదని కాదు. ఇటలీ స్వరకర్త వెర్ది 1884లో దానికి మద్దతు తెలుపుతూ అక్కడి ప్రభుత్వ సంగీత సంఘానికి లేఖ రాశాడు. శ్రుతి అదేపనిగా పెరుగుతూ పోయిన కాలమది. పై స్థాయి స్వరాలు అందుకోవలసిన గాయకులకు అది భారమే. అది గొంతుకు సంబంధించిన న్యాయమైన చర్చ. 1980ల్లో షిల్లర్ ఇన్‌స్టిట్యూట్ అనే రాజకీయ బృందం వెర్ది పేరు మీద ఆ శ్రుతి కోసం ఉద్యమం నడిపింది, నాజీల ప్రస్తావన ఆ ప్రచారంతోనే ఊపందుకుంది. అన్నమయ్యను అందులోకి లాగింది మాత్రం మనవాళ్లే.

యుగ ప్రమాణం, సూర్యుడు అన్న రెండు సాక్ష్యాల మీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు. హెర్ట్జ్ అనేది సెకను మీద ఆధారపడిన కొలత. మన పంచాంగంలో రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, విఘడియకు 24 సెకన్లు. కంపనాలను మన కొలతలోనే లెక్కిస్తే ఆ స్వరం విఘడియకు 10,368 అవుతుంది, 432 అన్న మాటే కనిపించదు. సూర్యుని వ్యాసార్ధం మైళ్లలో చెప్పినప్పుడే 4,32,000కు దగ్గరగా వస్తుంది, కిలోమీటర్లలో అది సుమారు 6,95,700. కలియుగానికీ ఇంగ్లీషువారి మైలుకూ చుట్టరికం కలపడం శాస్త్రమూ కాదు, సంప్రదాయమూ కాదు.

భూమి స్పందన అన్నది షూమన్ అనుకంపనం. విన్‌ఫ్రీడ్ షూమన్ 1952లో ఊహించిన ఈ స్పందన భూమికీ, పైనున్న అయనోవరణానికీ మధ్య మెరుపుల వల్ల పుట్టే విద్యుదయస్కాంత తరంగాలది. అది చెవికి వినిపించే శబ్దం కాదు. దాని ప్రాథమిక విలువ సుమారు 7.83 హెర్ట్జ్, అదీ నిలకడగా ఉండదు. పోనీ, సందేశం కోరినట్టే 8 అని ఒప్పుకుందాం. ఎనిమిదిని 54తో గుణిస్తే 432 వస్తుంది. 55తో గుణిస్తే 440 వస్తుంది. ఈ సాక్ష్యం ఇద్దరి పక్షానా పలికింది.

నీటి వీడియో విషయంలో పాఠకులు ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. స్పీకరు మీద సన్నటి లోహపు పళ్లెం పెట్టి, దాని మీద పలచగా బొంబాయి రవ్వ చల్లి, ఫోనులోని ఏదైనా టోన్ జెనరేటర్ యాప్‌తో ధ్వనిని మెల్లగా పెంచుతూ పోతే, కొన్ని చోట్ల రవ్వ చక్కటి గీతలుగా సర్దుకుంటుంది, మధ్యలో చెదిరిపోతుంది. ఎర్న్‌స్ట్ క్లాడ్ని 1787లోనే ఇటువంటి ఆకృతులను ప్రచురించాడు. గీతలు ఎక్కడ తేటగా వస్తాయన్నది పళ్లెం వెడల్పు, మందం, పట్టు మీద ఆధారపడుతుంది, నీరైతే లోతు మీద కూడా. పళ్లెం మారిస్తే ఆ చోట్లూ మారతాయి. ఒకే గిన్నెతో రెండు సంఖ్యలనే చూపిన వీడియో ఆ గిన్నె గురించి మాత్రమే చెబుతుంది.

ఆరోగ్యం దగ్గర కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఇటలీలో 33 మంది మీద చేసిన ఒక చిన్న ప్రాథమిక అధ్యయనం 2019లో వెలువడింది. 432కు దించిన సంగీతం విన్నప్పుడు గుండె వేగం కొంత తగ్గినట్టు, రక్తపోటులో మాత్రం లెక్కకు వచ్చేంత తేడా లేనట్టు అందులో తేలింది. దాన్ని రక్తపోటుకు మందుగా ప్రచారం చేయడం ఆ అధ్యయనాన్ని చదవనివారి పని. నెమ్మదైన సంగీతం మనసుకు హాయినిస్తే ఏ శ్రుతిలోనైనా విననివ్వండి, మాత్రలు మాత్రం మానకండి.

చివరిది ఆ లింకు. పాటను 432కు మార్చే యాప్ అసలు పాట 440లో ఉందని ముందే అనుకుని మొత్తాన్ని 1.8 శాతం దించుతుంది. పాడినవారి షడ్జమం ఎక్కడుందో అది చూడదు, కాబట్టి బయటికి వచ్చేది 432 అవుతుందన్న హామీ కూడా లేదు. క్యాసెట్ల కాలంలో బెల్టు సాగిన టేప్ రికార్డరు ఈ పనిని ఉచితంగా చేసేది. నాలుగు నిమిషాల పాట నాలుగు సెకన్లు ఎక్కువ నడిచేది, దానివల్ల ఎవరికీ రోగం తగ్గిన దాఖలా లేదు. శ్రుతిని ఇలా కొద్దిగా మార్చి ఎక్కించడం వెనుక మరో లాభం ఉంది. ఒకరి రికార్డింగును ఇంకొకరు వాడుకుంటే పట్టుకునే యంత్రాల కళ్లుగప్పడానికి ఇది చాలాకాలంగా వాడుకలో ఉన్న ఉపాయం. గ్రూపుల్లో తిరిగే ఇలాంటి లింకు తెరిచినప్పుడు వివరణలో పాడినవారి పేరు, వరుస కట్టినవారి పేరు ఉన్నాయేమో ముందు చూడండి. అన్నమాచార్య ప్రాజెక్టు ద్వారా దేవస్థానం వెలువరించిన రికార్డింగులు ఆ పేర్లతో సహా, విద్వాంసులు తాము ఎంచుకున్న శ్రుతిలో పాడినవి పాడినట్టుగా, దేవస్థానం సైటులోనే ఉచితంగా దొరుకుతున్నాయి.