మూడో విడత కాఫీ దాకా కూర్చుంటే తెలుస్తుంది
విదేశాల్లో పాఠాలు చెప్పేవారికి స్థానికులతో పరిచయం తరగతి గది దాటదని ఒక వ్యాసంలో చదివాను; ఆ మాట ఇథియోపియాకు మాత్రం వర్తించదు. అక్కడి గోండర్ నగరంలో నేను పనిచేసిన రోజుల్లో, ఆదివారం వచ్చిందంటే పక్కింటావిడ కాఫీకి పిలవాల్సిందే. నేల మీద పచ్చగడ్డి పరిచి, పచ్చి గింజలు కడిగి, బొగ్గుల కుంపటి మీద మన కళ్లెదుటే వేయించి, ఆ పొగను ఒక్కొక్కరి ముక్కు దగ్గరకూ తెచ్చేది. తర్వాత దంచి, మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో మూడు విడతలు పోస్తారు. మొదటి దానికే లేచిపోతే మర్యాద కాదు. ఈలోగా జీతమెంత, పెళ్లయిందా, పిల్లలెందరు అన్నీ అడిగేస్తారు, అచ్చం మన ఊళ్లో అరుగు మీద పెద్దల్లాగే! మనవాళ్లు సాయంత్రమయ్యేసరికి క్వార్టర్లలో తెలుగువాళ్లతోనే చేరి, పప్పుచారు చుట్టూ తిరుగుతూ, స్థానికులు కలవరని నిందించడం ఎక్కడి న్యాయం?